బొమ్మల కొలువు పక్కన నమూనా రైలు: తొమ్మిది సాయంత్రాల ప్రదర్శనకు సలహాలు కావాలి

విల్లివాక్కం గేటు

అందరికీ నమస్కారం.

చెన్నైలో పెరంబూరు సమీపంలో నివసిస్తున్న నేను పన్నెండేళ్లుగా మిద్దె మీది గదిలో హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు బండిలో 87వ వంతు పరిమాణంలో, ఒక రైలు మార్గాన్ని కట్టుకుంటూ వస్తున్నాను. మా వీధి చివరనున్న అపార్టుమెంట్లలోని తెలుగు కుటుంబాలవారు ఏటా దసరాకు హాలులో అందరూ కలిసి బొమ్మల కొలువు పెడతారు. ఈ ఏడు కొలువు పక్కన నా రైలును కూడా తొమ్మిది సాయంత్రాలూ నడిపి చూపించమని అడిగారు. కొలువులో పల్లెటూరు, సంత, తోట అమర్చి వాటి మధ్య కీ ఇస్తే నడిచే రేకు రైలును పెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కనుక ఆ కోరిక నాకు ఎంతో సహజంగా తోచి వెంటనే ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న తరువాత ఆలోచనలో పడ్డాను. ఇంతకుముందు మా ఇంటికి వచ్చి చూసిన పిల్లల విషయంలో ఒకటి గమనించాను. తలుపు తీయగానే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు, బండి రెండు చుట్లు తిరిగేదాకా కదలరు, మూడో చుట్టుకు చూపు కిటికీ వైపు పోతుంది. అందులో వారి తప్పేమీ లేదు. బండి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో, ఎందుకు ఆగిందో, పచ్చదీపం ఎవరు వెలిగించారో తెలియనప్పుడు చూడడానికి మిగిలేది గుండ్రంగా తిరగడం ఒక్కటే. నాకు మాత్రం ఆ గదిలో గంటలు తెలియకుండా గడుస్తాయి. బండిని ఒక పట్టా నుంచి మరొక పట్టాకు మళ్లించే పాయింట్లు మార్చేదీ, సిగ్నల్ ఇచ్చేదీ, బండిని ఆపి మళ్లీ కదిలించేదీ నేనే కాబట్టి ఆ ఆనందమంతా నాకే దక్కుతోంది. అందులో కొంతైనా చూడవచ్చినవారికి ఎలా అందించాలన్నదే నా అసలు ప్రశ్న.

మా ప్రాంతానికి రైలుతో ఉన్న అనుబంధం మీకు తెలియనిది కాదు. 1856లో దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు బయలుదేరింది. 1955లో ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) కర్మాగారం మొదలైనప్పటి నుంచి దేశమంతా ప్రయాణించే పెట్టెలు మా పక్కనే తయారవుతున్నాయి. ఆ గోడల పక్కనుంచి రోజూ బడికి వెళ్లే పిల్లలకు లోపల ఏం జరుగుతుందో తెలియదు. రైలు మ్యూజియం దగ్గరలోనే ఉన్నా అక్కడ పెట్టెలు నిలబడి ఉంటాయి, మన బల్ల మీద అవి కదులుతాయి.

నా మార్గం ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒకే ప్లైవుడ్ బల్ల మీద ఉంది. దీన్ని దింపి హాలుకు తీసుకువెళ్లడం మంచిదా, లేక ప్రదర్శన కోసమే వేరొకటి కట్టుకోవడం మంచిదా? దసరాకు ఇంకా నాలుగు నెలల గడువు ఉంది. బండిని నడిపే కంట్రోలరును పిల్లల చేతికి ఇవ్వవచ్చా? ఇటువంటి ప్రదర్శనలు చేసినవారు తమ అనుభవాన్ని చెప్పగలరని కోరుతున్నాను.

టంకం పెట్టె

ఇంట్లోని మార్గాన్ని దయచేసి కదిలించకండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక బడిలో చూపించడానికి ఆరడుగుల బల్లను లోడ్ ఆటోలో తీసుకువెళ్లాను. దారిలోని గతుకులకు పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేట్లు సడలిపోయాయి, సొరంగం మీది ప్లాస్టర్ పగిలింది, రెండు పాయింట్ల కింద టంకం ఊడింది. మొదటి రోజంతా నేను బల్ల కింద పడుకుని తీగలు అతుకుతూ ఉంటే పిల్లలు నా కాళ్లను మాత్రమే చూసి వెళ్లారు. ఇంటి మార్గం ఒక మనిషి తన కోసం, తన ఓపికకు తగ్గట్టు కట్టుకున్నది. నలుగురిలో నడిచేది రోజూ విప్పి బిగించినా తట్టుకోవాలి, ఏదైనా ఆగిపోతే రెండు నిమిషాల్లో సరిచేయడానికి వీలుండాలి.

నాలుగు నెలల్లో మీరు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ముక్కలు నాలుగు కట్టుకోగలరు. ఒక్కొక్కటి ఒక మనిషి చంకన పెట్టుకుని మెట్లు దిగగలిగే బరువులో ఉండాలి. ముక్కలను వరుసగా బోల్టులతో బిగిస్తే పదహారు అడుగులు వస్తాయి. దాన్ని వలయంగా మూయవలసిన అవసరం లేదని, తిన్నని దారికి రెండు కొసలా రెండు స్టేషన్లు పెడితే చాలని నా అభిప్రాయం. హెచ్‌ఓ పట్టాల సెట్లలో సాధారణంగా దొరికే వంపు వ్యాసార్థం 457 మిల్లీమీటర్లు. బఫర్లతో కలిపి దాదాపు 22.3 మీటర్ల పొడవున్న ఐసీఎఫ్ పెట్టె మన స్కేలులో 25 సెంటీమీటర్లు దాటుతుంది. అంత పొడవైన పెట్టె అంత బిగువైన వంపులో తిరిగితే నడుము లోపలికి, మూలలు బయటికి పొడుచుకు వచ్చి బొమ్మలా కనిపిస్తుంది. తిన్నని దారిలో అదే పెట్టె ఎంతో హుందాగా ఉంటుంది. 24 పెట్టెల బండిని యథాతథంగా పెట్టాలంటే పెట్టెలకే ఆరు మీటర్లు పడుతుంది కాబట్టి ఎలాగూ కుదించక తప్పదు. ఒక ఇంజను, మూడు పెట్టెలు కలిపితే దాదాపు ఒక మీటరు. అది మీ నాలుగడుగుల స్టేషనులో చక్కగా ఇముడుతుంది.

ముక్కల మధ్య కరెంటును ఫిష్‌ప్లేట్లకు వదిలివేయకండి. సముద్రపు గాలికి అవి త్వరగా పాడవుతాయి. ప్రతి ముక్కలోనూ పట్టాల కింద లావు తీగ నడిపి, ప్రతి పట్టా ముక్కకూ విడిగా తీగ అతికి, ముక్కకూ ముక్కకూ మధ్య ప్లగ్గు పెట్టండి. దసరా రోజులకు వానలు పట్టుకుంటాయి కనుక వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకుని అంచులకు తప్పకుండా రంగు వేయండి. తేమ పీల్చేది అంచులే. కరెంటు పోయినప్పుడు బండి నడిదారిలో ఆగితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. కంప్యూటరుకు వాడే మామూలు యూపీఎస్ ఈ పనికి సరిపోతుంది.

కొలువు మెట్లు

నేను రైళ్ల మనిషిని కాను, మా అబ్బాయి ఈ చర్చను చూపించాడు. ముప్పై ఏళ్లుగా చెన్నైలో కొలువు పెడుతున్నదానిగా కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

హాలులో మీ బల్లను కొలువు మెట్లకు ఎంత దూరంలో పెడుతున్నారో ముందుగానే మాట్లాడుకోండి. మేము తోట అమర్చేటప్పుడు ఇసుక పోసి, దాని మీద ఆవాలు, రాగులు చల్లి, నీళ్లు చిలకరించి మొలకలు పెంచుతాము. ఆ పచ్చదనం మధ్య రైలు నడిస్తే ఎంతో బాగుంటుందని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. మా అబ్బాయి అలా చేసి, ఇసుక రేణువులు పళ్లచక్రాల్లో ఇరుక్కుని ఒక ఇంజనును పోగొట్టుకున్నాడు. మొలకలను లోతైన ట్రేలలో పెంచి, పట్టాలకు కనీసం రెండడుగుల ఎడంగా, మీ బల్ల కంటే కింది మట్టంలో పెట్టించండి. అప్పుడు పచ్చదనం కంటికి కలిసే కనిపిస్తుంది, ఇసుక మాత్రం పట్టాల దగ్గరికి రాదు.

దీపం సంగతి ఇంకా ముఖ్యమైనది. సాయంత్రం దీపారాధన, సాంబ్రాణి, హారతి ఉంటాయి. మీరు కొండలకూ చెట్లకూ వాడే థర్మకోల్, స్పాంజి, కాగితం నిప్పురవ్వకు నిలిచేవి కావు. పట్టాలు తుడవడానికి స్పిరిట్ వంటిది వాడతారని విన్నాను, ఆ పనిని దీపం వెలిగించడానికి చాలా ముందే ముగించి సీసాను హాలు బయట పెట్టండి. హారతి పళ్లెం మీ బల్ల వైపు రాకుండా చూసుకోవడం మీకు మొహమాటంగా ఉంటే ఆ మాట నిర్వహించే ఆడవారితో చెప్పించండి, వారు చక్కగా సర్దుతారు.

ఇక చూడవచ్చేవారి గురించి. పేరంటానికి వచ్చే పెద్దావిడలు ఎక్కువసేపు నిలబడలేరు, వారికి నాలుగు కుర్చీలు వేయించండి. కూర్చున్నవారికీ, ఆరేళ్ల పిల్లలకూ పట్టాలు కనిపించే ఎత్తు దాదాపు ఒకటే, రెండున్నర అడుగులు. అంతకంటే ఎత్తుగా పెడితే తల్లులు పిల్లలను ఎత్తుకుని చూపించవలసి వస్తుంది, ఎత్తుకున్న బిడ్డ మొదట చేసే పని చెయ్యి చాచడం. ముందు వైపు జానెడు ఎత్తు అక్రిలిక్ పలక బిగిస్తే చూపుకు అడ్డం లేకుండా చెయ్యి ఆగుతుంది.

మీరు అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒకటుంది. ఆ బండి ఏ ఊరు పోతుందో చెప్పండి. మా ఇంట్లో పిల్లలకు పినాకిని ఎక్స్‌ప్రెస్ అంటే అమ్మమ్మగారి ఊరు. గుమ్మిడిపూండి దాటాక తడ దగ్గర బోర్డు మీద తెలుగు అక్షరాలు కనబడగానే మా చిన్నప్పుడు మా నాన్నగారు మా చేత గట్టిగా చదివించేవారు. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు అని వరుసగా ఆ బోర్డుల మీదే మా అక్కచెల్లెళ్లం తెలుగు చదవడం నేర్చుకున్నాము. ఇక్కడి పిల్లలకు బడిలో తెలుగు లేకపోవచ్చు గాని పసుపు పచ్చ పలక మీద నల్ల అక్షరాలతో రాసిన తమ ఊరి పేరు ఎదురుగా ఉంటే చదవాలని తప్పక అనిపిస్తుంది. స్టేషను బోర్డులను తీసి మార్చేలా చేసి, ప్రతి సాయంత్రమూ వచ్చినవారిలో ఇద్దరు పెద్దలను వారి ఊరి స్టేషను ఏదని అడిగి ఆ రెండు పేర్లు పెట్టండి. తొమ్మిది రోజులకు పద్దెనిమిది ఊళ్లు అవుతాయి. ఆ ఊరివారు మరునాడు చుట్టాలను వెంటబెట్టుకుని వస్తారు.

పాత టోకెన్

నేను స్టేషను మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం సింగిల్ లైను స్టేషన్లలోనే గడిచింది. పైన టంకం పెట్టె గారు చెప్పిన తిన్నని దారి, రెండు కొసలా రెండు స్టేషన్లు అన్న ఆలోచన చదవగానే నాకు బాల్ టోకెన్ గుర్తుకు వచ్చింది. కంట్రోలరు పిల్లలకు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం అందులోనే ఉందని నమ్ముతున్నాను.

రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా ఉన్నప్పుడు ఎదురెదురుగా రెండు బండ్లు రాకూడదు. నీల్స్ బాల్ టోకెన్ యంత్రం ఉన్న చోట ఇరుపక్కల స్టేషన్లలోనూ ఒక్కొక్క యంత్రం ఉంటుంది, రెండూ తీగతో కలిసి ఉంటాయి. నా స్టేషను నుంచి బండి పంపాలంటే నేను గంట సంకేతంతో అవతలి మాస్టరును అడగాలి, ఆయన ఒప్పుకుని తన యంత్రాన్ని తిప్పితేనే నా యంత్రం నుంచి ఒక లోహపు గుండు బయటికి వస్తుంది. ఆ గుండు బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో దేని నుంచీ మరొకటి రాదు. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందిస్తాము. ఆగకుండా పోయే బండి అయితే డ్రైవరు పక్కనున్న మనిషి చెయ్యి చాచి ఆ వలయాన్ని మోచేతికి తగిలించుకుంటాడు. గుండు చేతికి అందని డ్రైవరు, ఎదురుగా దారి ఖాళీగా కనిపిస్తున్నా, బండిని కదిలించడు. గుండు అవతలి యంత్రంలో పడ్డాకనే ఆ దారి ఇంకొక బండికి దొరుకుతుంది.

దీన్ని మీ బల్ల మీద ఆటగా మార్చండి. ఒక కొసన ఒక బిడ్డ, మరొక కొసన ఇంకొక బిడ్డ స్టేషను మాస్టర్లు. మధ్యన మూడో బిడ్డ డ్రైవరు, కంట్రోలరు ఆ బిడ్డ చేతిలో ఉంటుంది. మాస్టరు గంట కొట్టి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడగాలి, అవతలి మాస్టరు గంటతోనే ఒప్పుకోవాలి, అప్పుడు గుండు డ్రైవరు చేతికి వస్తుంది. బండి చేరాక డ్రైవరు దానిని అవతలి మాస్టరుకు అప్పగించాలి. ప్రతి స్టేషనులో రెండు పట్టాలు ఉంటే ఒక బండి ఎదురుచూస్తుండగా మరొకటి వచ్చి చేరే క్రాసింగు కూడా చూపించవచ్చు. నాదంటే నాదని కంట్రోలరు కోసం తగువుపడే పిల్లలు కూడా గుండు లేనిదే బండి కదలదని తెలిశాక ఎదురు చూడడం నేర్చుకుంటారు. నా మనవల విషయంలో రెండు డబ్బాలు, ఒక బంతితో ఇది చేసి చూశాను.

గూడూరు మార్గం డబుల్ లైను కనుక అక్కడ ఈ పద్ధతి లేదని చూసేవారికి చెప్పాలి. సింగిల్ లైనే కావాలంటే ఒకప్పుడు మీటరు గేజీగా ఉండిన పాకాల–ధర్మవరం మార్గం వంటిది తీసుకోండి. చెన్నైలో చిత్తూరు జిల్లావారికి కొదవలేదు.

రెండో ప్లాట్‌ఫారం

పై సలహాలన్నీ బాగున్నాయి గాని అయిదేళ్లలోపు పిల్లలకు టోకెన్ ఆట అర్థం కాదు, వారిని ఖాళీ చేతులతో నిలబెడితే పలక మీదికి ఎక్కుతారు. వారికి మీటలు ఇవ్వండి. జర్మనీలోని హాంబర్గులో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ కూడా హెచ్‌ఓ స్కేలులోనిదే, అక్కడ చూడవచ్చినవారు మీట నొక్కితే ఏదో ఒక బొమ్మ కదులుతుంది. మీ బల్ల అంచున కాలింగ్ బెల్ స్విచ్చులు మూడు బిగించి ఒకదానితో లెవెల్ క్రాసింగ్ గేటు, ఒకదానితో స్టేషను దీపాలు, ఇంకొకదానితో ఇంజను కూత పది సెకన్లు పనిచేసేలా టైమరు పెడితే చాలు.

ఇంకొక మాట, వేగం గురించి. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు దాదాపు 32 సెంటీమీటర్లు వస్తుంది. పదహారు అడుగుల దారిని ఆ వేగంతో దాటడానికి పదిహేను సెకన్లే చాలు. మీరు అందులో సగానికి మించనివ్వకండి. పట్టాల ద్వారానే ఇంజనుకు ఆదేశాలు పంపే డీసీసీ పద్ధతి వాడితే, ఇంజనులోని డీకోడరులో గరిష్ఠ వేగాన్ని ముందే తగ్గించి పెట్టవచ్చు, అప్పుడు పిల్లలు నాబ్‌ను ఎంత తిప్పినా బండి పరుగు పెట్టదు. రెండు ఇంజన్లను అరగంటకొకసారి మార్చుతూ నడపండి.

విల్లివాక్కం గేటు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంటి బల్లను కదిలించకుండా నాలుగు ముక్కల కొత్త మార్గాన్ని కట్టాలని నిర్ణయించుకున్నాను, నిన్న ప్లైవుడ్ కూడా కోయించాను. దారి సింగిల్ లైను, రెండు కొసలా రెండేసి పట్టాల స్టేషన్లు. కొస స్టేషన్లలో ఇంజనును ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చడం చిన్నపిల్లలకు కష్టమని, రెండు వైపులా డ్రైవరు గది ఉండే మన సబర్బన్ బండిని మూడు పెట్టెలతో తయారుచేస్తున్నాను. ఇంజను, పెట్టెలు ఉన్న రెండో బండి పెద్ద పిల్లలకు.

బోర్డుల సంగతి మా ఇంట్లో చెప్పగానే, కావలిలో పుట్టిన మా అమ్మగారు మొదటి రోజు బోర్డు తమ ఊరిదే కావాలన్నారు. అపార్టుమెంటులోని తమిళ కుటుంబాల పెద్దలను కూడా వారి ఊళ్లు అడిగి తమిళంలో బోర్డులు రాయించాలని అనుకుంటున్నాను, కొలువుకు వారూ వస్తారు.

పాత టోకెన్ గారు చెప్పిన గుండు విషయంలో ఒక సందేహం మిగిలింది. గుండు లేనిదే బండి కదలకూడదన్న నియమాన్ని నోటిమాటగా కాక కరెంటు ద్వారానే అమలు చేయాలని నా కోరిక. దాన్ని ఎలా ఏర్పాటు చేయాలి? గుండు ఎంత ఉండాలి?

టంకం పెట్టె

అంగుళం ఉక్కు గుండు వద్దు, పసిపిల్లల నోట్లో పడుతుంది. రెండంగుళాల ఉక్కు గుండు అరకిలో తూగుతుంది కనుక పట్టాల మీద గాని పాదాల మీద గాని పడితే ప్రమాదం. రెండంగుళాల కొయ్య బంతికి ఎర్ర రంగు వేయించండి. డ్రైవరు ముందు 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్కను ఏటవాలుగా బిగించి, కింది కొసన మీటగల మైక్రోస్విచ్ పెట్టండి. బంతి దొర్లి వచ్చి మీట మీద ఆగితే స్విచ్చు మూసుకుంటుంది. పట్టాల కరెంటును ఆ స్విచ్చు గుండా నేరుగా పంపకండి, అది 12 వోల్టుల రిలేను, అంటే కరెంటుతో పనిచేసే మరొక స్విచ్చును, మాత్రమే పనిచేయించాలి. రెండు స్టేషన్ల మధ్యనున్న పట్టాలను రెండు కొసలా కోసి విడదీసి, వాటికి కరెంటు ఆ రిలే ద్వారా మాత్రమే వచ్చేలా చేస్తే బంతి తీసిన క్షణాన నడిదారి చచ్చిపోతుంది, స్టేషన్లలోని పట్టాలు మాత్రం పనిచేస్తూ ఉంటాయి. దీపాలు వెలగని పెట్టె చక్రాలు ఆ కోతను దాటినా ఇబ్బంది లేదు. దీపాలున్న పెట్టె అయితే రెండు వైపుల కరెంటునూ ఒక క్షణం కలుపుతుంది కనుక కోతకు రెండు వైపులా ఎడమ పట్టాకు ఒకే తీగ, కుడి పట్టాకు ఒకే తీగ వచ్చేలా చూసుకుని అతకండి.

బంతి పోయినప్పుడు వాడుకోవడానికి రెండోది తప్పక చేయించండి గాని దాన్ని హాలులో పెట్టవద్దు, మీ ఇంట్లోనే ఉంచండి. రెండు బంతులు ఒకేసారి పిల్లల చేతికి వస్తే రెండు బండ్లూ దారిలోకి వస్తాయి.

పాత టోకెన్

బంతి మీద రెండు స్టేషన్ల పేర్లూ ఉండాలి. అసలు గుండు మీద అలాగే చెక్కి ఉంటాయి, డ్రైవరు వాటిని చదివి చూసుకున్నాకనే బండి కదిలిస్తాడు. మీ బోర్డులు రోజూ మారుతాయి కనుక బంతి మీద అతికించే చీటీని కూడా ప్రతి సాయంత్రం మార్చండి. డ్రైవరు బిడ్డ ఆ రెండు పేర్లనూ పైకి చదివాకే బంతిని గొట్టంలో వేయాలి.